నల్ల చతురస్రం గీసిన మనిషి – కజిమీర్ మాలెవిచ్



మన సంచికలో ప్రతి ఏడాది నాయకుల గురించి, శాస్త్రవేత్తల గురించి, కవుల గురించి రాస్తుంటాం. చిత్రకారుల గురించి రాయడం తక్కువ. అందుకే ఈసారి ఒక చిత్రకారుని జీవితాన్ని మీకు పరిచయం చేద్దామనుకుంటున్నాను.

ముందుగా ఆయన వేసిన ఒక బొమ్మ గురించి చెబుతాను. పొడవు, వెడల్పు రెండూ దాదాపు 80 సెంటీమీటర్లు ఉన్న గుడ్డ. చుట్టూ తెల్లని అంచు. మధ్యలో నల్లరంగుతో నింపిన ఒక చతురస్రం. అంతే! అందులో చెట్టు లేదు, కొండ లేదు, మనిషి లేదు. ఈ బొమ్మ మాస్కోలోని ట్రెట్యకోవ్ మ్యూజియంలో ఉంది. ప్రపంచంలో చిత్రకళ గురించి రాసిన పుస్తకాలలో దీని ప్రస్తావన లేని పుస్తకం అరుదు.

"ఓస్, ఇంతేనా! ఇది నేనూ గీస్తాను" అని మీలో చాలామంది అనుకుంటారు. అలా అనుకోవడం తప్పేమీ కాదు. ఆ బొమ్మను మొదటిసారి చూసిన పెద్ద పెద్ద పండితులు కూడా ఇంచుమించు అలాగే అనుకున్నారు. కానీ ఆ చతురస్రం దగ్గరకు ఆయన ఎలా చేరుకున్నాడో తెలిస్తే మన అభిప్రాయం మారుతుంది.

చక్కెర ఫ్యాక్టరీల మధ్య బాల్యం

కజిమీర్ మాలెవిచ్ 1879 ఫిబ్రవరిలో కీవ్ నగరంలో జన్మించాడు. అప్పట్లో ఆ ప్రాంతం రష్యా సామ్రాజ్యంలో ఉండేది. ఇప్పుడు కీవ్ ఉక్రెయిన్ దేశానికి రాజధాని. తల్లిదండ్రులు పోలిష్ జాతివారు. తండ్రి పేరు సెవెరిన్, తల్లి పేరు లుద్వికా. వారికి పుట్టిన పద్నాలుగు మంది పిల్లల్లో తొమ్మిది మందే బతికారు. కజిమీర్ అందరికన్నా పెద్దవాడు.

తండ్రి చక్కెర ఫ్యాక్టరీలలో పనిచేసేవాడు. మన దగ్గర చక్కెర చెరకు నుంచి వస్తుంది. చలిదేశమైన ఉక్రెయిన్‌లో చెరకు పండదు. అక్కడ బీట్‌రూట్ జాతికి చెందిన ఒక తెల్ల దుంప నుంచి చక్కెర తీస్తారు. దుంప పండే పల్లెల దగ్గరే ఫ్యాక్టరీలు ఉండేవి. తండ్రి ఏ ఫ్యాక్టరీకి మారితే కుటుంబం ఆ ఊరికి మూట సర్దుకోవాల్సిందే. ఆ విధంగా కజిమీర్ బాల్యమంతా ఒక ఊరి నుంచి మరో ఊరికి తిరగడంలోనే గడిచింది.

ఫ్యాక్టరీలో కూత వినబడగానే కూలీలు లోపలికి వెళ్ళేవారు, మళ్ళీ కూత వినబడితే బయటకు వచ్చేవారు. పొలాల్లో మాత్రం రంగురంగుల బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళు వరుసలుగా నిలబడి దుంపలకు కలుపు తీసేవారు. ఈ రెండు లోకాలను చూసిన ఆ పిల్లవాడి మనసు రైతుల వైపే మొగ్గింది. ఆ పల్లెల్లో ఆడవాళ్ళు ఇళ్ళను మట్టితో అలికి గోడల మీద, పొయ్యిల మీద పువ్వులు, కోడిపుంజులు, గుర్రాలు వేసేవారు. కజిమీర్ వాళ్ళ వెనకాలే తిరుగుతూ మట్టి అలకడంలో, పొయ్యి మీద బొమ్మలు వేయడంలో సాయం చేసేవాడు. చిత్రకళలో అతని మొదటి గురువులు వాళ్ళే. వాళ్ళలో ఎవరి పేరూ ఏ పుస్తకంలోనూ లేదు.

చిత్రకారుడనే వృత్తి ఒకటి ఉంటుందని కూడా అతనికి చిన్నతనంలో తెలియదు. చదివింది పల్లెటూరి వ్యవసాయ పాఠశాలలో కొద్దికాలమే. కొడుకు తనలాగే చక్కెర ఫ్యాక్టరీలో స్థిరపడాలని తండ్రి ఆశ. తల్లి మాత్రం కొడుకు ఇష్టాన్ని కనిపెట్టింది. ఆమె గుడ్డల మీద అల్లికలు, కుట్టుపూలు వేయడంలో మంచి నేర్పరి. కొడుకుకు ఆ పనీ నేర్పింది, రంగులూ కొనిపెట్టింది.

ముగ్గు దేనికి బొమ్మ?

ఇక్కడ కథ ఆపి ఒక మాట చెప్పుకోవాలి. మాలెవిచ్‌ను నైరూప్య చిత్రకళకు ఆద్యులలో ఒకడని అంటారు. రష్యాకే చెందిన వాసిలీ కాండిన్‌స్కీ, హాలెండ్‌కు చెందిన పీట్ మోండ్రియన్, స్వీడన్‌కు చెందిన హిల్మా అఫ్ క్లింట్ అనే మహిళ కూడా ఇంచుమించు ఆ కాలంలోనే ఈ దారి తొక్కినవారు. నైరూప్యం అంటే కళ్ళకు కనిపించే ఏ వస్తువు రూపాన్నీ అనుకరించకుండా గీతలు, రంగులు, ఆకారాలతోనే బొమ్మ వేయడం.

ఇది కష్టమైన మాటలా వినిపిస్తుంది గానీ మనకు కొత్తదేమీ కాదు. తెల్లవారుజామున మన అమ్మలు వాకిట్లో వేసే మెలికల ముగ్గు దేనికి బొమ్మ? అది చెట్టూ కాదు, పిట్టా కాదు. చుక్కలు, వాటి చుట్టూ తిరిగే గీత మాత్రమే. అయినా చూడగానే బాగుందో లేదో మనకు తెలుస్తుంది. ఒక గీత తప్పితే కన్ను వెంటనే పట్టుకుంటుంది. అర్థం అడగకుండానే ముగ్గును చూసి ఆనందించే మనకు నైరూప్య చిత్రాన్ని చూడడం రాదనుకోవడం సరికాదు.

దొరకని సీటు

1896 ప్రాంతంలో కుటుంబం రష్యాలోని కూర్స్క్ పట్టణానికి మారింది. అక్కడ కజిమీర్ రైల్వే కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగంలో చేరాడు. పగలంతా స్కేలు పెట్టి గీతలు గీయడం, తీరిక దొరికితే రంగులు పట్టుకోవడం ఇదే దినచర్య. బొమ్మల పిచ్చి ఉన్న తోటి ఉద్యోగులతో కలిసి ఒక చిన్న బృందం కూడా ఏర్పాటు చేసుకున్నాడు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, తండ్రి మరణించాడు. ఇంటి బరువు భుజాల మీద ఉన్నా మాస్కో వెళ్ళి చిత్రకళ నేర్చుకోవాలనే కోరిక తగ్గలేదు. జీతంలోంచి కొంచెం కొంచెం దాచుకుని 1904లో మాస్కో చేరాడు.

అప్పుడు మాస్కోలో చిత్రకళకు ఒక పెద్ద పాఠశాల ఉండేది. దానిలో ప్రవేశం కోసం మాలెవిచ్ ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాడు. సీటు రాలేదు. పేద చిత్రకారులు కలిసి ఉంటున్న ఇంట్లో తలదాచుకుని అర్ధాకలితో గడిపాడు. కొడుకుకు ఆసరాగా తల్లి కూడా మాస్కో వచ్చి ఒక మెస్ నడిపింది. నలుగురికి వండి పెట్టి వచ్చిన డబ్బులతో ఆ ఇల్లు గడిచింది.

పెద్ద పాఠశాల తలుపు తెరుచుకోకపోవడంతో ఆయన ఫ్యోదర్ రెర్‌బెర్గ్ అనే చిత్రకారుడు నడిపే ప్రైవేటు స్టూడియోలో చేరాడు. అక్కడ మనిషి శరీరం గీయడం, వెలుగు నీడలు, రంగుల మేళవింపు పద్ధతిగా నేర్చుకున్నాడు. అప్పటికి ఆయన వయసు ముప్పైకి దగ్గరపడింది.

అన్నీ నేర్చుకున్నాకే

ఆ రోజుల్లో సెర్గేయ్ షూకిన్ అనే మాస్కో వ్యాపారి ఫ్రాన్స్ నుంచి మతీస్, పికాసో వంటి కొత్త చిత్రకారుల బొమ్మలు కొని తన ఇంట్లో పెట్టి జనానికి చూపించేవాడు. మాస్కో యువ చిత్రకారులకు ఆ ఇల్లే ఒక కాలేజీ. మాలెవిచ్ ఫ్రెంచి వాళ్ళలాగా ఎండ పడిన తోటలు వేసి చూశాడు. పికాసోలాగా వస్తువును ముక్కలు చేసి మళ్ళీ పేర్చి చూశాడు. ఒక్కొక్క పద్ధతినీ చేతిలోకి వచ్చేదాకా సాధన చేశాడు.

1911, 1912 నాటికి ఆయన బొమ్మల్లోకి మళ్ళీ చిన్ననాటి పల్లెలు వచ్చాయి. కట్టెలు కొట్టేవాడు, పంట కోసేవాళ్ళు, బకెట్లతో నీళ్ళు మోసే ఆడవాళ్ళు. ఈ మనుషులు రేకు గొట్టాలతో చేసినట్టుగా గుండ్రంగా, బరువుగా ఉంటారు. రైతు శరీరంలోని బలాన్ని చూపడానికి ఆయన ఎంచుకున్న పద్ధతి అది. ఈ బొమ్మలు చూసినవారెవరూ ఆయనకు గీయడం రాక నల్ల చతురస్రం వేశాడని అనలేరు.

దేవుడి పటం మూలలో

1913 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో "సూర్యునిపై విజయం" అనే సంగీత నాటకం ఆడారు. దానికి తెరలు, దుస్తులు రూపొందించింది మాలెవిచ్. ఒక తెర మీద చతురస్రాన్ని మూల నుంచి మూలకు కోసినట్టుగా సగం నలుపు, సగం తెలుపు వేశాడు. తర్వాత రాబోయే చిత్రానికి బీజం అక్కడే పడింది.

1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. నగరం పేరు పెట్రోగ్రాడ్‌గా మారింది. 1915 డిసెంబరులో అక్కడ "0,10" అనే వింత పేరుతో ఒక ప్రదర్శన ఏర్పాటైంది. పాతదంతా సున్నా దగ్గరకు తెచ్చి మళ్ళీ మొదలుపెట్టాలన్నది వారి ఉద్దేశం. పదిమంది పాల్గొంటారనుకుంటే చివరికి 14 మంది పాల్గొన్నారు. అందులో మాలెవిచ్ 39 బొమ్మలు పెట్టాడు. అన్నీ చతురస్రాలు, దీర్ఘచతురస్రాలు, వృత్తాలు, పట్టీలే. వాటి మధ్య నల్ల చతురస్రాన్ని గది పైభాగంలో రెండు గోడలు కలిసే మూలన వేలాడదీశాడు.

రష్యా ఇళ్ళలో ఆ మూలకు ఒక ప్రత్యేకత ఉంది. అది దేవుడి పటాలు పెట్టుకునే చోటు. ఇంట్లోకి వచ్చినవారు ముందు అటు తిరిగి దణ్ణం పెట్టుకుంటారు. అలాంటి చోట నల్ల చతురస్రం కనబడేసరికి ఎంత దుమారం రేగి ఉంటుందో ఊహించండి! అలెగ్జాండర్ బెనువా అనే ప్రసిద్ధ విమర్శకుడు తీవ్రంగా దుయ్యబట్టాడు. మాలెవిచ్ వెనక్కి తగ్గలేదు. తన పద్ధతికి "సుప్రీమాటిజం" అని పేరు పెట్టి దాని మీద పుస్తకం రాశాడు. వస్తువుల రూపం కన్నా రంగు, ఆకారం కలిగించే శుద్ధమైన అనుభూతే చిత్రకళలో అత్యున్నతమని దాని సారాంశం.

ఈ అనుభూతి ఏమిటో మీరే పరీక్షించి చూడవచ్చు. ఒక తెల్ల కాగితం తీసుకోండి. నల్ల కాగితంలోంచి చిన్న చతురస్రం కత్తిరించండి. దాన్ని మధ్యలో పెడితే కదలకుండా కూర్చున్నట్టు ఉంటుంది. పైమూలకు జరిపితే పడిపోతుందేమో అనిపిస్తుంది. కొంచెం వంచితే ఎటో ప్రయాణిస్తున్నట్టు ఉంటుంది. పక్కన చిన్న ఎర్ర ముక్క పెడితే ఆ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు తోస్తుంది. కాగితం ముక్కలకు ప్రాణం లేదు. బరువు, కదలిక, దూరం అన్నీ మన చూపులోనే పుడుతున్నాయి. మాలెవిచ్ జీవితమంతా శ్రమించి పరిశోధించింది దీన్నే.

మరో విశేషం. ఆయన చతురస్రం స్కేలు పెట్టి గీసింది కాదు. దాని ఏ అంచూ చట్రానికి సరిగ్గా సమాంతరంగా ఉండదు. రైల్వేలో ఏళ్ళ తరబడి స్కేలుతో గీసిన మనిషికి సరైన చతురస్రం గీయడం రాదనుకోలేం. తెలిసే అలా వదిలేశాడు. 2015లో మాస్కో నిపుణులు ఎక్స్‌రేలతో పరిశీలించినప్పుడు నలుపు కింద మరో రెండు రంగుల బొమ్మలు దాగి ఉన్నాయని బయటపడింది. తర్వాతి కాలంలో ఆయన నల్ల చతురస్రాన్ని మరో మూడుసార్లు వేశాడు. 1918లో తెలుపు మీద వంచి పెట్టిన తెల్ల చతురస్రాన్ని కూడా వేశాడు. అది ఇప్పుడు న్యూయార్క్‌లో ఉంది.

చొక్కా చేతి మీద చతురస్రం

1917లో రష్యాలో విప్లవం వచ్చింది. దాని వెంటే అంతర్యుద్ధం, ఆకలి. మాస్కోలో చలికి కట్టెలు కూడా దొరకని పరిస్థితిలో 1919 చివర మాలెవిచ్ వీటెబ్స్క్ అనే చిన్న పట్టణానికి ఉపాధ్యాయుడిగా వెళ్ళాడు. ఆ పాఠశాలను స్థాపించింది మార్క్ షగాల్ అనే మరో గొప్ప చిత్రకారుడు.

చిత్రకళ పాఠశాలలో సీటు దొరకని మనిషి ఇప్పుడు చిత్రకళ పాఠశాలకే మాస్టారు! 1920లో ఆయన విద్యార్థులతో కలిసి "యునోవిస్" అనే బృందాన్ని స్థాపించాడు. ఆ విద్యార్థులు చొక్కా చేతి మీద నల్ల చతురస్రాన్ని కుట్టుకుని తిరిగేవారు. వేసిన బొమ్మ నాది, నీది అనకుండా అందరిదీ అనేవారు. పట్టణంలోని గోడలు, ట్రాములు, సభావేదికలు వాళ్ళ చేతుల్లో రంగులతో వెలిగిపోయాయి. అదే ఏడాది పుట్టిన కూతురికి బృందం పేరు కలిసొచ్చేలా ఊనా అని పేరు పెట్టుకున్నాడు.

1922లో పెట్రోగ్రాడ్ వెళ్ళి అక్కడ కళా పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యాడు. పింగాణీ ఫ్యాక్టరీ కోసం టీ కూజా, సగానికి కోసినట్టుండే కప్పులు తయారుచేశాడు. భవిష్యత్తు భవనాలకు నమూనాలుగా ప్లాస్టర్ దిమ్మెలు పేర్చాడు.

చీకటి రోజులు

క్రమంగా గాలి మారింది. 1926లో పత్రికలో ఆ సంస్థ మీద దాడిచేస్తూ వ్యాసం వచ్చింది. ఏడాది చివరకు సంస్థ మూతపడింది. 1927లో మాలెవిచ్ తన బొమ్మలు తీసుకుని వార్సా, బెర్లిన్ నగరాలకు వెళ్ళాడు. అక్కడ మంచి ఆదరణ లభించింది. కానీ మధ్యలోనే వెనక్కి రమ్మని కబురు వచ్చింది. ఏం జరుగుతుందోనన్న శంకతో బొమ్మలను, రాతప్రతులను జర్మనీలోని మిత్రులకు అప్పగించి ఒంటరిగా తిరిగివచ్చాడు. మళ్ళీ వాటిని ఆయన కళ్ళతో చూడలేదు.

1930లో ఆయనను అరెస్టు చేసి గూఢచర్యం అనుమానంతో రెండు నెలలకు పైగా నిర్బంధించారు. భయపడిన మిత్రులు ఆయన కాగితాలు కొన్నింటిని కాల్చివేశారు. ఆ తర్వాత కళాకారులు ప్రభుత్వం చెప్పిన పద్ధతిలోనే, కార్మికులు, నాయకులు ఉత్సాహంగా కనిపించేలాగే బొమ్మలు వేయాలన్న నియమం బిగిసింది.

మాలెవిచ్ మళ్ళీ మనుషుల బొమ్మలు వేశాడు. కానీ ఎలాంటి మనుషులు? పొలంలో నిలబడిన రైతులు. వాళ్ళకు ముఖాలు లేవు. కళ్ళు, నోరు ఉండాల్సిన చోట ఖాళీ. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన పెరిగిన ఉక్రెయిన్ పల్లెల్లో రైతుల భూములు, ధాన్యం లాక్కున్నారు. 1932, 1933 సంవత్సరాలలో లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఆ సంగతి పైకి మాట్లాడితే శిక్ష. నోరు లేని ఆ రైతుల బొమ్మలను ఇవాళ చూస్తే గుండె బరువెక్కుతుంది. 1933లో తన చిత్రాన్ని తానే పాతకాలపు పద్ధతిలో, ముఖకవళికలన్నీ స్పష్టంగా వేసుకున్నాడు. కింద మూలన సంతకం చేయాల్సిన చోట మాత్రం ఒక చిన్న నల్ల చతురస్రం పెట్టాడు!

క్యాన్సర్‌తో బాధపడుతూ 1935 మే 15న లెనిన్‌గ్రాడ్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 56 సంవత్సరాలు. మంచం తలాపున గోడకు నల్ల చతురస్రం వేలాడుతోంది. శిష్యుడు నికొలాయ్ సూయెటిన్ శవపేటికను తయారుచేశాడు. అంతిమయాత్రలో లారీ ముందు కూడా నల్ల చతురస్రం కట్టారు. మాస్కో దగ్గర నెమ్చినోవ్‌కా గ్రామంలో ఓక్ చెట్టు కింద అస్థికలు ఉంచి, తెల్లని ఘనం మీద నల్ల చతురస్రం ఉన్న సమాధి కట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో అదీ చెరిగిపోయింది.

సోవియట్ దేశంలో ఆయన బొమ్మలు దశాబ్దాల పాటు గోదాముల్లోనే ఉండిపోయాయి. నల్ల చతురస్రం మళ్ళీ జనం ముందుకు వచ్చింది 1980లలోనే. జర్మనీలో దాచిన బొమ్మలను మిత్రులు హిట్లర్ కాలంలో కూడా కాపాడారు. వాటిలో పెద్ద భాగం 1958లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియానికి చేరింది. 2018లో ఆయన చిత్రం ఒకటి వేలంలో 8 కోట్ల 58 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. కట్టెలు లేక చలికి వణికిన మనిషి బొమ్మ విలువ అది.

మనం గ్రహించవలసింది

డబ్బు సంగతి అలా ఉంచుదాం. మనలో చాలామందిమి మన ఇళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం. పెద్ద చదువుల దగ్గరకు వెళ్ళేకొద్దీ ఇంటి దగ్గర నేర్చుకున్నదంతా పనికిరాదని, చెప్పుకుంటే నామోషీ అని మనకు ఎవరూ చెప్పకుండానే అనిపిస్తూ ఉంటుంది. అలికిన అరుగు, అమ్మ వేసే ముగ్గు, నాన్న పనిముట్టు ఇవేవీ పుస్తకాల్లో ఉండవు కదా అనుకుంటాం. మాలెవిచ్ మాస్కోలో పికాసోను చూశాడు, నేర్చుకున్నాడు. కానీ తన మొదటి పాఠం మట్టి పొయ్యి మీద బొమ్మలు వేసే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నానని పెద్దయ్యాక స్వయంగా రాసుకున్నాడు. ఆ మాట రాయడానికి ఆయన సిగ్గుపడలేదు.

రెండో సంగతి. నల్ల చతురస్రం చూడడానికి ఒక గంట పనిలా ఉంటుంది. అక్కడికి చేరడానికి ఆయనకు ముప్పై ఆరేళ్ళు పట్టింది. పాత పద్ధతులన్నీ నేర్చుకున్నవాడికే వాటిని దాటి వెళ్ళే ధైర్యం వస్తుంది. కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, డ్రాయింగ్ పీరియడ్‌ను ఖాళీ పీరియడ్ అనుకోకండి. కుండ, ఆకు, చెయ్యి ఉన్నదున్నట్టు గీయడం ముందు నేర్చుకోండి. తర్వాత మీకు తోచినట్టు గీయండి. మన హాస్టల్ గోడపత్రికలో కథలకు, కవితలకు చోటున్నట్టే అర్థం చెప్పలేని బొమ్మకు కూడా చోటుండాలని కోరుకుంటున్నాను. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ వేసిన ముగ్గును ఒక నోట్‌బుక్కులో దించుకుని రండి. అలాంటి ముగ్గులన్నీ పక్కపక్కన అతికిస్తే వచ్చే ఏడాది సంచికకు అట్టమీది బొమ్మ మన దగ్గరే సిద్ధంగా ఉంటుంది.